ఊరంతా వేలాడిన తలుపు

ఆ రోజుల్లో మా వీధిలో ఎవరికైనా ఎముక విరిగితే ముందు "అమ్మా" అని కేక వినపడేది, ఆ కేక చల్లారకముందే మా ఇంటి గేటు చప్పుడయ్యేది. చిత్తూరులో ఆస్పత్రులు లేక కాదు. ఉన్నాయి, పెద్ద పెద్ద బోర్డులతో ఉన్నాయి. కానీ ఎముక విరిగితే పుత్తూరుకు పోవాలి, కట్టు కట్టించుకోవాలి. మా వైపు అది చర్చించే విషయం కాదు. బస్సులో పోతే కాలు చాపుకోలేరు, ఆటోలో పోతే గుంత గుంతకూ ప్రాణం పోతుంది, కాబట్టి మా కారు కావాలి. ఇప్పుడు ఫోను మీద వేలు ఆనిస్తే ఇంటి ముందుకు బండి వస్తోంది. దిగేటప్పుడు తలుపు మెల్లగా వెయ్యమని డ్రైవరు కసురుతున్నాడు, మనమూ బుద్ధిగా మెల్లగా వేస్తున్నాం. ఆ మర్యాదలో పావు వంతు ఆనాడు మా కారు తలుపుకు ఎవరైనా చూపించి ఉంటే నేనిదంతా రాయాల్సిన అవసరమే ఉండేది కాదు. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. నవ్వుతూ రాద్దామనే కూర్చున్నాను, చూద్దాం ఎంతవరకు నవ్వుతానో.

మా నాయనకు బెల్లం మండీ ఉండేది. ఆ కారు ఆయన ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. నాకంటే వయసులో పెద్దది. రంగు తెలుపని కాగితాల్లో ఉండేది (మండీలో నిలబడీ నిలబడీ అది బెల్లం రంగుకు దగ్గర పడింది). ముందు సీటు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకటే బల్లలాగా ఉండేది, గేరు కర్ర స్టీరింగు పక్కనే. కాలు విరిగినవాళ్ళు చాపుకొని కూర్చోవడానికి అంత విశాలమైన ముందు సీటు చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. అందువల్ల ముందు ఎడమ వైపు సీటు రోగుల సీటయింది, ముందు ఎడమ వైపు తలుపు రోగుల తలుపయింది. పోయేటప్పుడు ఏ గొడవా లేదు, నలుగురు ఎత్తి కూర్చోబెట్టేవాళ్ళు. తిరిగొచ్చేటప్పుడే అసలు సంగతి. కట్టు పడగానే ప్రతి మనిషికీ ఎక్కడ లేని ధైర్యం వచ్చేస్తుంది. ఇంటి ముందు కారు ఆగగానే, వీధంతా చూస్తుండగా, "ఎవురూ పట్టుకోవద్దండప్పా, నేనే దిగతా" అని, తలుపు బార్లా తెరిచి, దాని పై అంచును రెండు చేతులా పట్టుకొని, ఒంటి బరువంతా దాని మీద వేసి లేచేవాళ్ళు. స్కూటరు మీంచి పడిన టైలరు అట్లాగే లేచాడు. మామిడి చెట్టు మీంచి పడిన లెక్కల మాస్టారు అట్లాగే లేచాడు (ఆ వయసులో ఆయన చెట్టెందుకెక్కాడో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు). పెళ్ళి వంటలో సాంబారు మీద కాలు జారిన వంటస్వామి కూడా అట్లాగే లేచాడు, ఆయన ఒక్కడే ముగ్గురి పెట్టు. పడింది వాళ్ళు, విరిగింది వాళ్ళ ఎముకలు, శిక్ష మాత్రం మా తలుపుకు.

కారు తలుపును బాడీకి పట్టి ఉంచే ఇనప బందులు రెండుంటాయి, పైనొకటి, కిందొకటి. వంటస్వామి దిగిన రోజు పై బందు విరిగింది. ఆ బరువూ తనే మోయాల్సి వచ్చి కింది బందు వంగింది. అప్పటి నుంచీ తెరిస్తే చాలు, తలుపు మూల నేల వైపు వాలిపోయేది. మూయాలంటే ఒక పద్ధతి ఉండేది. మోకాలు కింద పెట్టి ఎత్తాలి, ఎత్తి పట్టుకొనే లోపలికి నెట్టాలి, గొళ్ళెం అందుకున్న చప్పుడు వినపడగానే భుజంతో ఒక్క పోటు పొడవాలి. మా అమ్మ రెండు చేతుల్లో క్యారియర్లు పెట్టుకొని నడుముతోనే ఆ పని కానిచ్చేది. మా ఇంటికి చుట్టాలొస్తే ముందు కాఫీ, తర్వాత తలుపు పాఠం.

"నాయనా, తలుపు బాగు చేయిద్దాం," అని నేనంటే, "ఎందుకమ్మా, మూసుకుంటా ఉండాది కదా," అనేవాడు నాయన.

"అది మూసుకోలేదు నాయనా. మనం మూస్తా ఉండాం."

"అదే కదా నేను చెప్తా ఉండేది," అని ఆయన మండీకి వెళ్ళిపోయేవాడు. ఆయనకు ఎవరినీ కాదనడం రాదు. కారు అడిగినవాళ్ళను కాదనలేదు, తలుపు మీద వేలాడినవాళ్ళను ఏమీ అనలేదు, చివరికి విరిగిన బందును కూడా నొప్పించకుండా వదిలేశాడు.

నాకప్పుడు డిగ్రీ పూర్తయింది. ఆదివారాలు మండీ ఖాళీగా ఉన్నప్పుడు నాయన అక్కడే నాకు కారు నడపడం నేర్పించాడు. బెల్లం దిమ్మెల వరుసల మధ్య నుంచి, ఒక్కదానికీ తగలకుండా, వెనక్కి తీసేదాన్ని. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకోకండి, అది నిజంగానే గొప్ప. ఆ ఏడే నాయన కళ్ళల్లో పొర వచ్చింది. ఎదురొచ్చే లారీ, దాని వెనక బస్సు ఆయనకు ఒకే బండిగా కనపడటం మొదలైంది. ఆ సంగతి బయటపడిన రెండో రోజే మా చిన్నాయన దిగబడ్డాడు. నాయన తమ్ముడే, పక్క వీధిలో ఉండేవాడు. మా కారు మీద ఆయనకు ఎప్పటి నుంచో కన్ను.

"అన్నా, నువ్వు ఇంక తోలలేవు," అన్నాడు, మా అమ్మ ఇచ్చిన కాఫీ తాగుతూనే. "వదినకు రాదు. పాప సూస్తే ఆడపిల్ల. బండి ఊరికే తుప్పు పట్టిపోతాది. నాకియ్యి. నీకు కావల్సినప్పుడంతా నేనొచ్చి తిప్పుతా."

పాప సూస్తే ఆడపిల్లంట! చూడకపోతే ఏమిటో. నేను అక్కడే, గడపలోనే నిలబడి ఉన్నాను. నాయన నా వైపు చూశాడు, తమ్ముడి వైపు చూశాడు. ఇద్దరినీ కాదనలేక చివరికి ఒక మాట అన్నాడు. "పాపకు సోమవారం లైసెన్సు టెస్టు ఉండాది. వస్తే కారు ఈడే ఉంటాది, అదే తోలతాది. రాకుంటే నువ్వు తోలుకోనిపో." చిన్నాయన కాఫీ గ్లాసు కింద పెట్టి నా వైపు చూసి నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. ఆ కారు పోతే నాకు ఇంట్లో మిగిలేది వంటిల్లూ, పెళ్ళిచూపులూ. నాకు తెలిసిన ఒకే ఒక్క విద్య ఆ కారు నడపడం.

సోమవారం టెస్టు మైదానంలో నా వంతు వచ్చింది. సన్నటి మీసాల ఇన్‌స్పెక్టరు అట్ట పట్టుకొని వచ్చి ఎడమ తలుపు తీశాడు. తలుపు ఆయన చేతిలోంచి జారి కిందికి వాలింది. ఆయన ఉలిక్కిపడి, కూర్చొని, లాగాడు. పడలేదు. మళ్ళీ లాగాడు. పడలేదు. నేను లోపలి నుంచి, "సార్, మోకాలితో కొంచెం ఎత్తి..." అన్నాను.

"ఎవురి మోకాలితో?"

"మీ మోకాలితోనే సార్. ఎత్తి, భుజంతో..."

"ఏమ్మా, నేనీ తలుపు పట్టుకోని కూర్చోవల్లనా, నువ్వు తోలేది సూడల్లనా?" అని ఆయన దిగిపోయాడు. "పోయి తలుపు బాగు చేయించుకోని వచ్చే సోమవారం రా." అంతే. నేనింకా తాళం కూడా తిప్పలేదు. క్లచ్చు మీద కాలు పెట్టింది పెట్టినట్టే ఉంది. టైలరు, మాస్టారు, వంటస్వామి కలిసి నా టెస్టు తప్పించారు. వాళ్ళలో ఒక్కరు కూడా ఆ రోజు నా పక్కన లేరు, హాయిగా ఇళ్ళల్లో కాళ్ళు చాపుకొని కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరును నేనేమీ అనను. ఆయన స్థానంలో ఉంటే నేనూ దిగిపోయేదాన్నే. కానీ ఇంటికి వచ్చేసరికి చిన్నాయన తన ఇంటి పక్క రేకుల షెడ్డు ఖాళీ చేయడం మొదలుపెట్టాడని అమ్మ చెప్పింది. మా కారు పెట్టుకోవడానికి! ఇంకా వారం గడువుండగానే!

ఇక ఊరుకుంటే లాభం లేదని నేనే పోయి మెకానిక్కును పిలుచుకొచ్చాను. ఆయన్ను మా వీధిలో అందరూ 'రేపు మామ' అనేవాళ్ళు. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది. రేపు మామ తలుపు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచి సందులో చెవి పెట్టి విన్నాడు, లేచి చేతులు దులుపుకున్నాడు.

"తలుపుకు ఏమీ కాలే పాపా, తలుపు బంగారం. పై బందు పోయినాది, కింది బందు పోతా ఉండాది. ఎవురెక్కినారు దీని మీద?"

"ఊరంతా."

"అట్లనా," అన్నాడు ఏమీ ఆశ్చర్యపోకుండా. "రేపు సేద్దాం."

మరునాడు పోతే రేపన్నాడు. ఆ మరునాడు ఇంకో పాత కారు నుంచి పై బందు తీసిపెట్టానని చూపించి, రేపు వేస్తానన్నాడు. శుక్రవారం పొద్దున నేను అడగకుండానే వెల్డింగు సామాను తోపుడుబండి మీద వేసుకొని ఇంటి ముందు ప్రత్యక్షమయ్యాడు. నా కళ్ళను నేనే నమ్మలేదు. అప్పుడే మా అమ్మ పసుపు గిన్నెతో బయటికి వచ్చింది. మా ఇంట్లో ప్రతి శుక్రవారం కారుకు పసుపు కుంకుమలు పెట్టి హారతిచ్చేవాళ్ళు. వ్యాపారస్తుల ఇళ్ళల్లో తక్కెడ ఎట్లాగో, కారూ అట్లాగే, సాక్షాత్తు లక్ష్మి.

"శుక్రవారం పూట లక్ష్మికి నిప్పు పెడతారా ఎవురైనా?" అంది అమ్మ.

"అమ్మా, నిప్పు కాదు, వెల్డింగు!"

"నిప్పురవ్వలు లేస్తాయా లేదా?"

"అక్క చెప్పింది నిజమే పాపా," అన్నాడు రేపు మామ, అప్పటికే సామాను మళ్ళీ బండి మీదికి ఎక్కిస్తూ. వారమంతా తిరిగినా కనికరించని మనిషి, లక్ష్మి పేరు చెప్పగానే ఎంత భక్తుడైపోయాడో! "రేపు సేద్దాంలే." నేను గేటును కాలితో తన్నాను. గేటుకు ఏమీ కాలేదు, నా వేలికే దెబ్బ తగిలింది. అమ్మ, "ఇరిగిందా? పుత్తూరుకు పోదామా?" అని అడిగింది.

అయితే శనివారం ఆయన నిజంగానే వచ్చాడు. తలుపు కింద చెక్క దిమ్మె పెట్టి, దాని కింద జాకీ పెట్టి, కొంచెం కొంచెంగా లేపాడు. వాలిపోయిన తలుపు లేస్తూ లేస్తూ వచ్చి తన చోట తాను సరిగ్గా కూర్చుంది. వంగిన కింది బందును కొట్టి చక్కజేశాడు, పైన విరిగిన బందు పీకి, తను తెచ్చింది పెట్టి వెల్డింగు చేశాడు. సాయంత్రం నన్ను పిలిచి, "ఒక్క ఏలితో నెట్టు పాపా," అన్నాడు. నెట్టాను. టక్కుమని పడింది. ఆ చప్పుడు కోసం నేను ఎన్నేళ్ళు కాచుకున్నానో ఎవరికి చెప్పను? మళ్ళీ తీశాను, మళ్ళీ వేశాను. టక్. ఎదురింటివాళ్ళు బయటికొచ్చి చూసిపోయారు. "ఇంక ఏనుగు ఏలాడినా ఊడదు," అని రేపు మామ బీడీ వెలిగించాడు.

ఆదివారం పొద్దున చిన్నాయన కాలు విరిగింది.

ఎట్లా విరిగిందో వినండి. మా కారు నిలబెట్టుకోవడానికి షెడ్డు ఖాళీ చేస్తున్నాడు కదా, అటక మీది పాత పెట్టె ఒకటి అడ్డంగా ఉందని స్టూలెక్కి లాగాడు. పెట్టె వచ్చింది, దాంతో పాటు ఆయనా వచ్చాడు. మోకాలి కింద ఎముక పుటుక్కుమంది. అంటే నా కారు కోసం విరిగిన కాలును నా కారులోనే, నా టెస్టుకు ముందు రోజు, నా కొత్త బందుల మీద పుత్తూరుకు తీసుకుపోవాలన్నమాట. నేను, "ఆటో పిలిస్తే పోలా?" అన్నాను. అమ్మ నా వైపు చూసిన చూపుకు పోయి తాళాలు తెచ్చాను. నాయన వెనక సీట్లో కూర్చుంటూ, "బండి తియ్ పాపా," అన్నాడు. నా దగ్గర నేర్చుకునేవాళ్ళ లైసెన్సే ఉండేది, పక్కన అసలు లైసెన్సున్న మనిషి కూర్చోవాలి. చిన్నాయనకు ఉంది. కాబట్టి చట్టం ప్రకారం ఆ రోజు మా గురువుగారు ముందు సీట్లో కాలు చాపుకొని, రెండు గొడుగు కర్రలు కట్టించుకొని, మూలుగుతున్న మా చిన్నాయనే.

గంగాధర నెల్లూరు దాటేదాకా ఆయన నాకు నడపడం నేర్పిస్తూనే ఉన్నాడు. "క్లచ్చు! క్లచ్చు! అబ్బా... మెల్లిగా! సూడు పాపా, ముందర గుంత!"

"సూసినా చిన్నాయనా."

"నువ్వు సూసినావు సరే, అది నిన్ను సూసిందా?"

"గమ్మునుండ్రా," అన్నాడు నాయన వెనక నుంచి. కార్వేటినగరం వచ్చేసరికి నొప్పికి ఆయనకు మాట పడిపోయింది. ఒక్కో గుంత దగ్గరా నేను బండిని దాదాపు ఆపి, ఒక్కో చక్రాన్నీ విడిగా దింపి విడిగా ఎక్కించాను. ఆయన మీద ప్రేమ కాదు, తలుపు మీద ప్రేమ. (సరే, కొంచెం ఆయన మీద కూడా. చిన్నప్పుడు నన్ను భుజాలెక్కించుకొని గంగజాతర చూపించింది ఆయనే. కానీ ఆ రోజు ఆ సంగతి గుర్తు చేసుకునే మనసు లేదు నాకు.)

పుత్తూరులో కట్టు కట్టేచోట ఎప్పటిలాగే జనం. చేతులు మెడకు వేలాడేసుకున్నవాళ్ళు, కాళ్ళు బల్లల మీద పెట్టుకున్నవాళ్ళు. నేను బండి ఆపి అటువైపు తిరిగి పోయేలోపు చిన్నాయన తలుపు తెరిచేశాడు. రెండు చేతులూ పై అంచు మీదికి పోతున్నాయి.

"తలుపు ముట్టుకోవద్దు!" అని అరిచాను. నా అరుపుకు అక్కడున్న రోగులంతా తాము పట్టుకున్నదాన్ని గబుక్కున వదిలేశారు. గోడను ఆనుకున్న ఒకాయన గోడను కూడా వదిలేశాడు.

చిన్నాయన నా వైపు చూశాడు. చెమటతో ముఖమంతా తడిసిపోయి ఉంది. "కాలు ఇరిగినోడు దేన్ని పట్టుకోని దిగల్లమ్మే?" అన్నాడు. "నీ కోపాన్ని పట్టుకోని దిగల్లనా?" అని, తలుపునే పట్టుకొని, బరువంతా దాని మీద వేసి, లేచాడు. కిర్రుమంది. ఆ చప్పుడు నాకు తెలుసు.

లోపల కట్టు కట్టే పెద్దాయన కాలు తడిమి చూసి తలెత్తాడు. "ఎవురప్పా తోలుకోనొచ్చింది? ఎముక యాడ ఇరిగిందో ఆడనే ఉండాది, రవ్వంత కూడా కదల్లే." నాయన గర్వంగా నన్ను చూపించాడు. పెద్దాయన నా వైపు చూసి ఒకసారి తలాడించి, మళ్ళీ పనిలో పడ్డాడు. నేను బండి నడపడం గురించి ఆ వారంలో నాకు దక్కిన మెప్పు అదొక్కటే. చిన్నాయన ఆ మాట తనకు వినపడలేదనే చెప్పుకున్నాడు చాలా కాలం, అప్పుడు తను అరుస్తున్నాడంట.

కట్టు పడింది. వెదురు బద్దలు, గుడ్డ, ఆకు పసరు, కోడిగుడ్డు వాసన. ఆయనకు ధైర్యం వచ్చేసింది. "ఎవురూ పట్టుకోవద్దండి," అని కుంటుతూ వచ్చి, కారు ఎక్కడానికి ఆ తలుపునే పట్టుకొని ఒంగాడు. ఏనుగు వేలాడినా ఊడని తలుపు మా చిన్నాయనకు ఊడింది. ఆయన సీట్లో కూలబడ్డాడు, తలుపు ఆయన ఒళ్ళో కూలబడింది. పైన వెల్డింగు చేసిన చోట శుభ్రంగా పలిగిపోయింది, కింది బందు కూడా విరిగింది. నేను అక్కడే మెట్ల మీద కూర్చొని ఏడ్చాను. దుఃఖం కాదు, కోపం. కోపం మరీ ఎక్కువైతే నాకు కళ్ళల్లోంచి వస్తుంది. తెల్లారితే టెస్టు. తలుపు లేని కారు, కాదు, తలుపు ఒళ్ళో ఉన్న కారు.

కట్ల కోసం గుడ్డలు చించి ఇచ్చే ఆయన ఒకడు అంతసేపూ నన్నే చూస్తున్నాడు. దగ్గరికి వచ్చి, "ఎందుకు పాపా ఏడస్తావు? కడదాంలే," అన్నాడు. ఇంకో ఇద్దరు చేరారు. తలుపును దాని చోట ఆనించి, పైన రెండు, కింద రెండు వెదురు బద్దలు వేసి, గుడ్డను ముందు కిటికీలోంచి తీసి వెనక తలుపు కిటికీలోంచి లాగి, రెండు తలుపుల మధ్యలో ఉండే కమ్మీకి బిగించి, వరసగా, ముడతల్లేకుండా, కాలికి కట్టినట్టే కట్టేశారు. గుడ్డ మీద మిగిలిన పసరు కూడా పూశారు (చెయ్యి అలవాటు). కదిపి చూస్తే రాయిలాగా ఉంది. "పదిహైదు దినాలు కదిలించద్దండి," అన్నాడాయన. మా నాయన చేతులు కట్టుకొని శ్రద్ధగా విన్నాడు.

"తడవచ్చునా?" అని కూడా అడిగాడు.

"తడపగూడదు. వచ్చే ఆదివారం రెండో కట్టుకు తోలుకోనిరాండి."

చిత్తూరు చేరాక చిన్నాయన దిగడానికి ఎడమ వైపు దారి లేదు. ఆ బల్ల సీటు మీద, చాపిన కాలితో, స్టీరింగు కిందుగా అంగుళం అంగుళం జరిగి నా వైపు నుంచి బయటికి రావాల్సి వచ్చింది. చాలాసేపు పట్టింది. నేను అరుగు మీద కూర్చొని నిదానంగా చూశాను. ఆ వారం మొత్తంలో నాకు మనశ్శాంతి దొరికింది అప్పుడే.

సోమవారం పొద్దున రేపు మామ దగ్గరికి పరుగెత్తితే ఆయనేమన్నాడో మీకు చెప్పనక్కర్లేదు. కట్టుతోనే మైదానానికి పోయాను. తల మీద గుడ్డేసుకొని పోదామనిపించింది. అదే ఇన్‌స్పెక్టరు. నన్ను గుర్తుపట్టాడు, కారును గుర్తుపట్టాడు, ఎడమ వైపుకు వచ్చి ఆగిపోయాడు.

"ఇదేందమ్మా?"

"కట్టు సార్."

"తెలస్తానే ఉండాది. యాడ కట్టించినారు?"

"పుత్తూరులో సార్."

ఆయన ముఖం మారిపోయింది. అట్ట చంకలో పెట్టుకొని, దగ్గరికి వచ్చి, కట్టును చేత్తో తడిమాడు. ముక్కు దగ్గర పెట్టి పసరు వాసన చూశాడు. కదిపి చూశాడు, కదల్లేదు. తర్వాత తన చొక్కా చెయ్యి మడిచి మోచెయ్యి చూపించాడు. "ఏడో క్లాసులో ఇరిగినాది. ఈడ ఆస్పత్రిలో కొయ్యల్లన్నారు. మా నాయన ఎత్తుకోని పుత్తూరుకు పోయినాడు. సూడు, ఇప్పుడు యాడ ఇరిగిందో కనుక్కో సూద్దాం." నేను కనుక్కోలేకపోయాను. "పుత్తూరు కట్టయితే ఏమీ కాదులే," అని ఆయన తిరిగి వచ్చి, నన్ను దిగమని, నా వైపు నుంచే ఎక్కి, బల్ల సీటు మీద అటు జరిగి, కట్టును ఆనుకొని హాయిగా కూర్చున్నాడు. "ఈ మైదానం లోపలే తిప్పు, రోడ్డెక్కద్దు."

నేను తిప్పాను. ఎనిమిది అంకె వేశాను. అంత అందమైన ఎనిమిది ఆ మైదానంలో అంతకుముందు ఎవరూ వేసి ఉండరు. వెనక్కి తీశాను, బెల్లం దిమ్మెలను తలుచుకొని, హద్దుగా కట్టిన తాడుకు తగలకుండా. ఆయన ఆ మోచేతి కథే చెబుతూ ఉన్నాడు, మధ్య మధ్యలో కట్టును తట్టి చూస్తూ ఉన్నాడు. నా ఎనిమిదిని చూడనే లేదు! చివరికి అట్ట మీద సంతకం పెట్టి, దిగుతూ, "బాగా కట్టినారమ్మా," అన్నాడు. బాగా నడిపావని కాదు. "రెండో కట్టు ఎప్పుడు?"

"వచ్చే ఆదివారం సార్."

"తప్పకుండా పోండి."

అన్యాయం కాకపోతే ఏమిటిది? మొదటిసారి తలుపు వల్ల తప్పాను, రెండోసారి తలుపు వల్లే గెలిచాను. రెండుసార్లూ నేను ఆ కారులోనే, స్టీరింగు ముందే కూర్చొని ఉన్నాను, ఎవరూ గమనించలేదు. ఇంటికొచ్చి ఇదంతా చెప్పి రుసరుసలాడుతుంటే నాయన, "లైసెన్సు వచ్చిందా రాలేదా?" అన్నాడు. వచ్చింది. "ఇంకేం కావల్ల?" అన్నాడు. చిన్నాయన షెడ్డులోకి అటక మీది పెట్టె మళ్ళీ చేరింది.

ఆ ఆదివారం చిన్నాయనకు రెండో కట్టు కట్టించడానికి పోతే, నాయన పట్టుబట్టి తలుపుకు కూడా రెండోది కట్టించాడు. గడువు తీరాక రేపు మామ కొత్త బందులు తెచ్చి బిగించాడు (శుక్రవారం కాదు, అమ్మను అడిగే). ఆ తర్వాత చాలా ఏళ్ళు మా వీధి ఎముకలన్నిటినీ పుత్తూరుకు నేనే తిప్పాను. దిగేటప్పుడు ప్రతి ఒక్కరి మీదా అరిచాను. ఒక్కరైనా వింటే ఒట్టు.

ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. మొన్నామధ్య అపార్ట్‌మెంటు మెట్ల మీద కాలు మడతపడి మడమ పైన ఎముక చిట్లింది. నా కూతురు తన కొత్త కారులో, ఫోనులో దారి చూసుకుంటూ, నన్ను పుత్తూరుకు తీసుకుపోయి తీసుకొచ్చింది. గేటు ముందు బండి ఆగింది. వాచ్‌మన్ కుర్చీ తెస్తానన్నాడు. నాకు కట్టు పడి ఉంది, ధైర్యం వచ్చేసింది. వద్దులే అని, తలుపు బార్లా తెరిచి, పై అంచును రెండు చేతులా పట్టుకున్నాను.

"అమ్మా! తలుపు పట్టుకోవద్దు!" అని అరిచింది నా కూతురు. అచ్చం నా గొంతే.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "కాలు ఇరిగినదాన్ని దేన్ని పట్టుకోని దిగల్లమ్మే? నీ కోపాన్ని పట్టుకోని దిగల్లనా?" అన్నాను. అన్నాక, అది ఎవరి మాటో గుర్తొచ్చింది. చిన్నాయన ఇప్పుడు లేడు. ఉంటే ఫోను చేసి చెప్పేదాన్ని. చెప్పేదాన్ని కాదులెండి, ఆయనకు పొగరెక్కుతుంది. నా కూతురు కారు చుట్టూ తిరిగి పరుగెత్తుకొచ్చి, ఎందుకు నవ్వుతున్నానో తెలియక, నా ముఖం వైపు ఒకసారి, తన తలుపు బందుల వైపు ఒకసారి చూసింది. నేను ఒంటి బరువంతా తలుపు మీద వేసి, నిదానంగా లేచాను. కిర్రుమనలేదు. ఇంకా కొత్తది కదా.